పడవకు మేమే రంధ్రము పెట్టితిమి



గడచిన నెలలలో ఈ శీర్షికలో నూతి గిలకను గూర్చియు, ధాన్యపు గాదెను గూర్చియు వ్రాసితిమి. ఈ నెల పడవను గూర్చి వ్రాయుచున్నాము. మీలో అనేకులకు పడవ లేకపోవచ్చును. అయినను చివరివరకు చదువవలెనని మనవి.

మా సంఘపు కుటుంబములలో 18 కుటుంబములు గోదావరి పాయకు ఆవల లంకలో ఉన్నవి. అక్కడికి వంతెన లేదు. ఆదివారము ఆరాధనకు వారు ఇటు రావలెను, బుధవారము ప్రార్థన కూటమునకు మేము అటు వెళ్లవలెను. బడి పిల్లలు దినమునకు రెండు మారులు దాటవలెను. ఇందునిమిత్తము సంఘము ఒక పాత ఫైబరు పడవను కొనెను. పొడవు 20 అడుగులు, వెడల్పు 5 అడుగులు, వెనుక చిన్న ఇంజను.

గోదావరి డెల్టాలో సంఘమునకును పడవకును పాత స్నేహమే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు సాగిన తరువాత చాలకాలము ఇక్కడ ప్రయాణమనగా పడవ ప్రయాణమే. సువార్తికులు పడవలోనే వండుకొని, పడవలోనే పండుకొని, ఊరూర దిగి వాక్యము చెప్పెడివారు. అవి కొయ్య పడవలు. చెక్కల సందులలో నుండి కొంచెము నీరు ఊరుట వాటికి సహజము గనుక ఏటేట సందులు కూరి పూత పూసెడివారు. ఫైబరు పడవకు సందులు లేవు. కాబట్టి నీరు రాదని మేము నిశ్చింతగా ఉంటిమి. నిజమే, క్రింది నుండి రాలేదు. పై నుండి వచ్చెను.

లెక్క చూడుడి. మా పడవ లోపలి వైశాల్యము సుమారు 7 చదరపు మీటర్లు. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన కురిసినయెడల దానిలో 700 లీటర్ల నీరు నిలుచును. అది 700 కిలోల బరువు. వర్షాకాలములో ప్రతి ఉదయము ఇదే పని. లంక పిల్లలు పుస్తకాల సంచులు గట్టున పెట్టి, మగ్గులతోను డబ్బాలతోను నీరు తోడెడివారు. ఇంజను బిగించియున్న పడవను బోర్లించుటకు వీలు లేదు. బడి గంట కొట్టిన తరువాత చేరి, మోకాళ్లవరకు తడిసిన బట్టలతో తరగతిలో కూర్చుండెడివారు.

తొందరలో కొంత నీరు లోపలనే విడిచి బయలుదేరిన దినములును ఉన్నవి. ఇది మిక్కిలి అపాయకరము. పడవలో మూటలున్న అవి పెట్టిన చోటనే ఉండును. నీరు అట్లు కాదు. పడవ ఒక ప్రక్కకు ఒరుగగానే నీరంతయు ఆ ప్రక్కకే పరుగెత్తి మరింత ఒరుగజేయును. చీలమండ లోతు నీరే గదా అని తేలికగా తీసికొనకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ఈ గోదావరిమీద జరిగిన ఘోర ప్రమాదమును మా వారెవరును మరువలేదు. ఆ ప్రమాదము వేరు విధమైనది. అయినను అప్పటినుండి పిల్లలతో నిండిన పడవ నడుమ పాయలో కొంచెము ఊగినను గట్టుననున్న తల్లుల గుండెలు ఆగిపోవుచున్నవి.

మా సంఘములో ఒక సహోదరుడు పూర్వము కాకినాడ వైపు ఫైబరు బోట్లు చేయు షెడ్డులో పనిచేసెను. ఒక ఆదివారము ఆయన మాతో ఇట్లనెను: "అయ్యగారండీ, దీనికి వెనకాల అడుగున ఓ కన్నం పెట్టి బిరడా బిగిద్దామండి. రాత్రి గట్టుమీదికి లాగి, ముందు భాగం ఎత్తులో పెట్టి బిరడా తీసేస్తే ఎంత వానొచ్చినా చుక్క నిలవదండి. పొద్దున్న బిరడా బిగించుకుని దింపుకోవడమేనండి."

స్త్రీల సమాజములో ఇది తెలిసిన వెంటనే కలకలము పుట్టెను. "ఎక్కడైనా ఎవరైనా పడవకి కన్నం పెట్టుకుంటారా అయ్యగారూ?" అని ఒక తల్లి అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. మాకును భయమే. అయినను సహోదరుడు వివరముగా చెప్పిన తరువాత సంఘ పెద్దలు ఒప్పుకొనిరి. ఆయన చెప్పినదియు, చేతులతో చేసి మేము నేర్చుకొన్నదియు, పాత ఫైబరు పడవ ఉన్నవారికి పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట సామగ్రి. బిరడా అనగా లోపల మరలున్న చిన్న గొట్టము, దాని చుట్టు అంచు, ఆ గొట్టములో తిప్పి బిగించు మూత. ఇత్తడిది చవుకగా దొరుకును గాని ఉప్పునీటిలో ఇత్తడిలోని తుత్తునాగము కొంతకాలమునకు కరిగిపోయి, మిగిలినది గుల్లబారును. సముద్రమునకు దగ్గరి పాయలలో కంచుది గాని, 316 రకపు స్టెయిన్‌లెస్ స్టీలుది గాని వాడుట మేలు. స్క్రూలును అటువంటివే ఉండవలెను. ఇనుప స్క్రూలు వద్దు. ప్లాస్టిక్కు బిరడాలు ఎండకు పెళుసెక్కును.

తరువాత చోటు. పడవ వెనుక గోడను మనము బైబిలులో అమరము అని చదువుచున్నాము. గలిలయ సముద్రముమీద తుపాను లేచినప్పుడు ప్రభువు నిద్రించుచున్నది దోనె అమరముననే అని మార్కు 4వ అధ్యాయములో ఉన్నది. పడవను గట్టుమీద రోజు ఉంచు తీరుననే ఉంచి, లోపల రెండు చెంబుల నీరు పోయుడి. నీరు ఎక్కడికి చేరునో అదియే చోటు. రంధ్రపు అడుగు అంచు పడవ లోపలి అడుగుతో సమముగా ఉండవలెను. పైగా ఉంటే ఆ మేరకు నీరు ఎప్పుడును నిలిచియుండును. ఇంజను బిగించు బోల్టులకు దూరముగాను, నడిమి వెన్నుకు ప్రక్కగాను ఉండవలెను.

ఇక ముఖ్యమైన మాట. అమరము చూచుటకు అంతయు ఫైబరే. లోపల మాత్రము ప్లైవుడ్డు ఉండును. రెండు ఫైబరు పొరల నడుమ చెక్క. ఇంజను బరువును, దాని తోపును మోయునది ఆ చెక్కయే. కాబట్టి ఒకేసారి పెద్ద రంధ్రము పెట్టక, ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో లోపలి నుండి చిన్న రంధ్రము వేసి, వచ్చు పొట్టును చూడవలెను. పొట్టు పొడిగా లేత రంగులో ఉంటే చెక్క మంచిది. నల్లగా తడిగా ఉంటే లోపల కుళ్లినది.

మేము గట్టున చుట్టు నిలిచి చూచుచుండగా సహోదరుడు బిట్టు దించెను. మొదట తెల్లని ఫైబరు పొడి వచ్చెను. తరువాత నల్లని ముద్ద వచ్చెను. నానిన చెక్క పులిసిన వాసన కొట్టెను. ఆయన స్క్రూడ్రైవరు పిడితో పలకను కొట్టుచు పోయెను. దూరమున టకటకమను ధ్వని, అక్కడ మాత్రము మెత్తని ధ్వని. అరచేతి వెడల్పున చెక్క పోయినది.

"ఇక్కడ ఏవో నాలుగు స్క్రూలు దిగాయండి. వాటి వెంబడే నీళ్లు పోయాయండి" అనెను. పాత యజమాని చేసిన పనియే అని అందరు అనుకొనిరి. ఒకరిద్దరు అతనిని నిందించిరి. మేము ఏమియు మాటలాడలేదు.

ఆ నాలుగు స్క్రూలు దించినది మేమే. రెండేండ్ల క్రిందట రాత్రి కూటములకు వెళ్లునప్పుడు లాంతరు తగిలించుటకు అక్కడ ఒక కొక్కెము బిగించితిమి. తరువాత అది అడ్డుగా ఉన్నదని తీసివేసి, రంధ్రములమీద పెయింటు పూసితిమి. అప్పుడు పడవ నడుపు పెద్దాయన, "స్క్రూలు దిగిన చోట మందేమైనా కూరారా అయ్యగారూ?" అని అడుగగా, "అంత చిన్న కన్నాలకి మందెందుకు తాతా?" అని విసుగుకొంటిమి. ప్రతి వానకు లోపల నిలిచిన నీరు ఆ నాలుగు సందులలో దిగి, రెండేండ్లు చెక్కను తినెను. పైన పెయింటు మాత్రము చెక్కుచెదరలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. సహోదరుడు మరియొక మాట చెప్పియుండెను: ఈ సంగతి తెలియకయే వరద కాలము వచ్చియుంటే, నడుమ పాయలో ఇంజను పలకతో సహా ఊడివచ్చియుండునేమో అని. పిల్లలను దాటించునది ఆ ఇంజనే. మా తప్పు ఒకటి చెక్కలో దాగెను, రెండవది మా మౌనములో దాగుచుండెను. తెల్లవారిన తరువాత మొదట పెద్దాయన ఇంటికి వెళ్లి ఒప్పుకొంటిమి. ఆయన చుట్ట ఆర్పి, "ఆయ్, నాకు ఆ రోజే తెలుసండి. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నానండి" అనెను. బుధవారము కూటములో లంకవారి యెదుటను చెప్పితిమి. నిందింపబడిన పాత యజమానికిని కబురు పంపితిమి. కాపరి సంఘము యెదుట ఇట్టి మాట చెప్పుట సులభము కాదు. అయితే పెయింటు క్రింద కుళ్లు ఎట్లుండునో కన్నులార చూచినవారము గనుక చెప్పక ఉండలేకపోతిమి.

మరమ్మతు ఇట్లు జరిగెను. లోపలి వైపు ఫైబరు పొరను చతురముగా కోసి తీసి, కుళ్లిన చెక్కను ఉలితో గట్టి పొడి చెక్క తగులువరకు చెక్కివేసితిమి. తడి చెక్కకు ఏ మందును అంటదు గనుక పడవను పాకలో పెట్టి చాల దినములు ఆరనిచ్చితిమి. కొత్త ముక్కకు మెరైన్ ప్లైవుడ్డు తెచ్చితిమి. పలకమీద ఐ.ఎస్. 710 అను ముద్ర చూచి కొనవలెను. దానికి అన్ని అంచులకును ఎపాక్సీ పూసి అమర్చి, పైన ఫైబరు గుడ్డ పొరలు వేసితిమి. ఒక్కొక్క పొర క్రింది పొరకంటె వెడల్పుగా ఉండవలెను.

తరువాత అసలు రంధ్రము. దీనిలో ఒక కిటుకు ఉన్నది. గొట్టము 1 అంగుళముది అయితే ముందు ఒకటిన్నర అంగుళముల రంధ్రము పెట్టవలెను. గుండ్రని రంపపు బిట్టును మొదట కొన్ని చుట్లు వెనుకకు త్రిప్పిన పై మెరుగు పూత పెచ్చులూడదు. బయటి నుండి సగము, లోపలి నుండి సగము కోయవలెను. కనబడు చెక్క అంచులకు పలుచని ఎపాక్సీని, ఇక పీల్చుకొనదను వరకు రెండు మూడు మారులు పూయవలెను. తరువాత ఒక ప్రక్క టేపు అంటించి, సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో రంధ్రమును పూర్తిగా పూడ్చవలెను. గట్టిపడిన తరువాత దాని నడుమ, గొట్టము పట్టునంత రంధ్రము మరల పెట్టవలెను. అప్పుడు చెక్కకును నీటికిని నడుమ చుట్టు పావు అంగుళపు ఎపాక్సీ గోడ నిలుచును. స్క్రూల రంధ్రములకును ఇదే పద్ధతి: పెద్దగా తొలిచి, పూడ్చి, మరల సన్నగా తొలుచుట.

పెట్టిన రంధ్రమును పూడ్చి మరల పెట్టుట చూచి పిల్లలు నవ్విరి. మేము నవ్వలేదు. నాలుగు స్క్రూలకు ఆనాడు ఈ పని చేసియుంటే ఇంత మరమ్మతు ఉండెడిది కాదు.

జాగ్రత్తలు కొన్ని. ఫైబరు పొడి ఊపిరితిత్తులకు హాని. ముక్కుకు మాస్కు, కంటికి అద్దములు, పొడుగు చేతుల చొక్కా ఉండవలెను. పని ముగిసిన తరువాత చన్నీటితో కడుగుకొనవలెను. ఎపాక్సీని డబ్బామీద వ్రాసిన పాళ్ల ప్రకారమే కొలిచి, కొంచెము కొంచెముగా కలుపవలెను. మన ఎండకు ఎక్కువ కలిపినయెడల గిన్నెలోనే కాగి గడ్డకట్టును. కొందరు షెడ్డులలో వాడు పాలియెస్టరు రెజినే వాడుదురు. అట్టివారు కోబాల్టు మందును, గట్టిపరచు కేటలిస్టును నేరుగా ఒకదానితోనొకటి ఎన్నడును కలుపరాదు. ప్రేలును. కోబాల్టును ముందు రెజినులో బాగుగా కలిపి, ఆ తరువాతనే కేటలిస్టు కలుపవలెను. కేటలిస్టు కంటిలో పడినయెడల చూపు పోవు ప్రమాదము గలదు. ఈ పనికి పిల్లలను దగ్గరకు రానీయకుడి.

బిగించుట. గొట్టము అంచు క్రిందను, గొట్టము చుట్టును, స్క్రూల రంధ్రములలోను పడవలకు వాడు పాలీయూరిథేన్ సీలెంటు నిండుగా పూయవలెను. స్నానపు గదులకు వాడు సిలికాను వద్దు. అది కొంతకాలమునకు ఊడివచ్చును, దాని జిడ్డుమీద తరువాత మరి ఏదియు అంటదు. స్క్రూలను ఒకేసారి బిగించినయెడల సీలెంటంతయు బయటికి పోవును. కొంచెము బిగించి, చుట్టు సమానముగా పొంగగానే ఆపి, ఆరిన తరువాత తుది బిగింపు ఇయ్యవలెను.

చివరకు పరీక్ష. బిరడా మూసి, గట్టుమీదనే పడవలో నీరు పోసి, ఒక గంట బయట చేయి పెట్టి చూచితిమి. చెమ్మ లేదు. ప్రయాణికులను దాటించు పడవ అయితే, నీటి మట్టము క్రింద చేసిన ఇటువంటి మార్పును తనిఖీ చేయు అధికారికి చూపించుట ధర్మము.

ఇప్పుడు క్రొత్త ప్రమాదమొకటి మా చేతిలోనే ఉన్నది. బిరడా బిగించుట మరచి పడవ దింపినయెడల? ఒక అంగుళపు రంధ్రము నీటి మట్టమునకు అడుగు లోతున ఉంటే నిమిషమునకు 40 లీటర్లకు పైగా నీరు లోపలికి వచ్చును. మా బిరడా నోరు అంతకంటె సన్నము, లోతును తక్కువ. అయినను పాయ దాటులోపల పడవ బరువెక్కుటకు అది చాలును. అందుచేత పెద్దాయన ఒక నియమము పెట్టెను. తీసిన బిరడాను ఇంజను తాళపు చెవితో కలిపి ఒకే త్రాటికి కట్టి, మేకుకు తగిలించును. బిరడా చేతికి రానిది తాళము రాదు. పిల్లలు ఎక్కక ముందు ఒకడు వంగి, చేతితో తడిమి, "బిగించి ఉందండి" అని గట్టిగా చెప్పవలెను. ఆ మాట వినక పడవ కదలదు. మరియొక బిరడా ఇంజను పెట్టెలో ఎల్లప్పుడు ఉండును.

ఈ వర్షాకాలము లంక పిల్లలు పొడి బట్టలతో బడికి వచ్చుచున్నారు.

ప్రియులారా, ఈ పని మాకు నేర్పినది చెప్పి ముగించెదము. పడవకు కన్నమేమిటని భయపడిన రంధ్రము మా పడవకు హాని చేయలేదు. అది అందరికి తెలిసిన రంధ్రము, ప్రతిదినము చేయి పెట్టి చూచు రంధ్రము. హాని చేసినవి, చిన్నవే గదా అని పూత పూసి మరచిన నాలుగు రంధ్రములు. మన ఇండ్లలోను ఇట్టివి ఉన్నవి. అన్నదమ్ముల మధ్య గట్టు తగవు, అత్తాకోడండ్ర మధ్య ఎప్పుడో జారిన మాట, తండ్రికి చెప్పక చేసిన అప్పు. పైన పూత బాగుగానే ఉండును. పండుగకు అందరము కలిసి బల్లకు వచ్చెదము. లోపల చెక్క నానుచుండును.

కోపమును ప్రొద్దు గ్రుంకక మునుపే విడువవలెనని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో పౌలు బోధించుచున్నాడు. ఏ దినపు నీరు ఆ సాయంకాలమే తీసివేయుట అది. కుటుంబ ప్రార్థన వేళ అందుకు తగిన వేళ. ఈ రాత్రి మీ ఇంట ప్రార్థనకు కూర్చుండినప్పుడు పిల్లలకంటె ముందు పెద్దలే నోరు తెరచి, "ఈ రోజు నేను ఈ తప్పు చేశాను" అని ఒక్క మాట చెప్పి చూడుడి. పాత పూత క్రింద ఏదైనను ఉన్నదని తెలిసినయెడల, ఎవరికి చెప్పవలెనో వారి ఇంటికి రేపే వెళ్లుడి. బహుశః వారు మా పెద్దాయనవలె ఎప్పటినుండియో ఎదురుచూచుచు ఉందురు.

ప్రభువా, మేము కప్పిపుచ్చినవాటిని చూపించుము. వాటిని ఒప్పుకొనుటకు ధైర్యమును, ప్రతిదినము చూచుకొను మెలకువను మాకు దయచేయుము. ఆమేన్.